బొగ్గు పొరలకు తూర్పున: మన ఎర్రమట్టిలో దొరికిన పెద్ద ఉభయచరం



పోయిన సంచికలో మన దోస్తు డైనోసార్ బొమ్మ వేసిండు. అది చూసినంక చానా మంది అడిగిన ప్రశ్న ఒక్కటే: “గిసుంటివి మన దిక్కు కూడ ఉండెనా?” ఉండె. డైనోసార్లు కూడ ఉండె. కానీ వాటికంటె ముందు మన నీళ్ళల్ల రాజ్యం చేసిన జంతువు వేరే ఉన్నది. అది కప్పకు దూరపు చుట్టం. పొడవు మాత్రం మన హాస్టల్ మంచం కన్నా ఎక్కువ. దాని ఎముకలు మందమర్రికి తూర్పు దిక్కున ఉన్న ఎర్రమట్టి నేలల్ల దొరికినయి. ఈ సంగతి నాకు మన సైన్సు పుస్తకంల కనబడలేదు. అందుకని సారును అడిగి తెలుసుకున్నది, చదివింది కలిపి ఈ పాఠం రాస్తున్న.

1. ఉభయచరం అంటే ఏమిటి?

నీళ్ళల్ల, నేల మీద రెండు చోట్ల బతికే జీవిని ఉభయచరం అంటరు. ‘ఉభయ’ అంటే రెండు. గుడ్లు నీళ్ళల్ల పెడుతది. గుడ్డుకు పెంకు ఉండదు. పిల్ల మొదట మొప్పలతో శ్వాస తీసుకుంటది, పెద్దయినంక ఊపిరితిత్తులతో తీసుకుంటది. చర్మం తడిగ ఉండాలె.

ఇప్పుడు లోకంలో మూడు రకాల ఉభయచరాలు ఉన్నయి. ఒకటి తోక లేని కప్పలు. రెండు తోక ఉన్న సాలమాండర్లు. మూడు కాళ్ళు లేని సిసిలియన్లు, చూడడానికి వానపాముల లెక్క ఉంటయి. ఇప్పుడు బతికి ఉన్న వాటిల్ల అన్నిటికన్నా పెద్దవి చైనా దేశపు పెద్ద సాలమాండర్లు. అవి 1.8 మీటర్ల దాక పెరుగుతయి.

నేను చెప్పబోయే జంతువు ఈ మూడిట్ల ఏదీ గాదు. అది ‘టెమ్నోస్పాండిల్’ అనే పాత వర్గంలోనిది. ఆ వర్గం మొత్తం అంతరించింది. దాంట్ల ఒక కుటుంబం పేరు మెటోపోసారిడ్లు. ఆ కుటుంబపు జంతువులు మామూలుగ 2 నుండి 3 మీటర్ల పొడవు ఉండేటివి.

2. మన కాళ్ళ కింద ఉన్న పొరలు

జంతువు సంగతి అర్థం కావాలంటే ముందుగాల నేల సంగతి తెలవాలె.

మందమర్రిల కల్యాణి ఖని గనులు ఉన్నయి. అక్కడ తీసే బొగ్గు పర్మియన్ యుగం నాటిది, సుమారు 28 కోట్ల ఏండ్ల కిందటిది. అప్పుడు ఇక్కడ బురద నేలల్ల పెద్ద అడవులు ఉండె. వాటిల్ల ముఖ్యమైన చెట్టు గ్లోసాప్టెరిస్. దాని ఆకు నాలుక ఆకారంల ఉంటది. బొగ్గు పొరల నడుమ ఉండే నల్లటి పలక రాళ్ళను చీలిస్తే ఆ ఆకుల అచ్చులు కనబడుతయి. ఆ అడవులే కూలి, మట్టి కింద పడి, కోట్ల ఏండ్లకు బొగ్గు అయినయి.

ఈ పొరల మీద ఇసుక, మట్టి కొత్త పొరలుగ పడుకుంట వచ్చినయి. మామూలుగ అయితె కొత్త పొర పైన, పాత పొర కింద ఉంటది. కానీ మన దిక్కు పొరలు చదునుగ లేవు. మొత్తం మీద ఈశాన్యం దిక్కుకు వాలి ఉన్నయి. ఇది అర్థం కావాలంటే ఒక పని చేయండి. ఐదు నోటుబుక్కులు ఒకదాని మీద ఒకటి పెట్టి, కొంచెం పక్కకు జరిపి వాలిస్తే అన్నిటి అంచులు కనబడుతయి. మన నేల గూడ గట్లనే. బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్ దిక్కు కింది బుక్కు అంచు కనబడుతది, అదే బొగ్గు పొర. భీమారం, చెన్నూరు దిక్కు పోయినకొద్దీ పై బుక్కుల అంచులు వస్తయి.

అట్ల పోతుంటే వచ్చే పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు మన ఊర్ల పేర్లే పెట్టిండ్రు. వరుసగ చెప్తున్న:

యెర్రపల్లి పొర: సుమారు 24 కోట్ల ఏండ్లు.
భీమారం ఇసుకరాయి: దాని మీదిది.
మలేరి పొర: కింది భాగం సుమారు 22–23 కోట్ల ఏండ్లు. పై భాగం దాని తర్వాతది.
ధర్మారం పొర: ఇంకా తర్వాతది.
కోట పొర: సుమారు 18 కోట్ల ఏండ్లు. పెద్ద డైనోసార్లు దొరికింది దీంట్లనే.

మన జంతువు మలేరి పొరలోనిది. ఆ కాలాన్ని ట్రయాసిక్ యుగం అంటరు.

కోట్ల ఏండ్లు అంటే తలకెక్కదు గదా. అందుకని ఒక లెక్క చెప్తున్న. మన మెస్సు తలుపు ఈ రోజు అనుకోండి. వరండాల నడుచుకుంట ఒక్కొక్క అడుగుకు కోటి ఏండ్లు వెనక్కు పోదాం. ఆరున్నర అడుగులు వేసేసరికి డైనోసార్లు అంతరించిన కాలం వస్తది. 18 అడుగులకు కోట డైనోసార్లు. 22, 23 అడుగులకు మన మలేరి ఉభయచరం. 28 అడుగులకు మన బొగ్గు అడవి. మరి మనుషులు? మన మనిషి జాతి పుట్టి సుమారు 3 లక్షల ఏండ్లు. అంటే మొదటి అడుగులనే, తలుపు దగ్గర, ఒక వేలు మందం అంత.

ఈ వరండాల 25 అడుగుల దగ్గర ఒక పెద్ద గీత గీయాలె. 25 కోట్ల 20 లక్షల ఏండ్ల కింద భూమి మీద అన్నిటికన్నా పెద్ద వినాశనం జరిగింది. సముద్రంలోని జాతులల్ల చానా వరకు పోయినయి. నేల మీద గ్లోసాప్టెరిస్ అడవులు గూడ పోయినయి. ఆ తర్వాత కొంత కాలం లోకంలో ఎక్కడ గూడ బొగ్గు పొర ఏర్పడలేదు. మన దిక్కు బొగ్గు ఉన్న రాళ్ళు కింద, ఎర్రటి మట్టిరాళ్ళు పైన ఉండడంల ఈ మార్పు కనబడుతది. ఎరుపు ఎందుకంటే మట్టిల ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పు పట్టినట్టు అయ్యింది. అది నదుల పక్కన వరద తెచ్చి పోసిన మట్టి. కొన్ని నెలలు తడుస్తది, కొన్ని నెలలు ఎండుతది.

3. ఈ ఎముకలను ఎవరు గుర్తు పట్టిండ్రు?

1850ల కాలంల నాగపూర్‌ల స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లండ్ మిషనరీ ఉండె. ఆయనకు రాళ్ళ మీద మస్తు ఆసక్తి. మలేరి ఎర్రమట్టిల దొరికిన వాటిల్ల ఒక వింత చేప పళ్ళు ఉండె. ఆ చేప పేరు సెరటోడస్. దానికి మొప్పలతో పాటు ఊపిరితిత్తి గూడ ఉంటది. 1859ల దాంట్ల ఒక జాతికి హిస్లాప్ పేరే పెట్టిండ్రు. అప్పటికి అసుంటి చేపను ప్రాణంతోని చూసిన శాస్త్రజ్ఞుడు ఎవరూ లేరు. 1870ల ఆస్ట్రేలియాల బతికి ఉన్న చేపను చూసినంక, “ఇది ఆ పాత పళ్ళ చేపకు చుట్టమే” అని తెలుసుకున్నరు. 1885ల రిచర్డ్ లిడెక్కర్ మలేరి పొరల సరీసృపాలు, ఉభయచరాల మీద ఒక గ్రంథం రాసిండు.

అసలు పెద్ద పని మాత్రం స్వాతంత్ర్యం వచ్చినంకనే జరిగింది. కోల్‌కతాల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. దాన్ని పి.సి. మహలనోబిస్ 1931ల స్థాపించిండు. అది లెక్కల సంస్థ. లెక్కల సంస్థకు ఎముకలతోని ఏం పని అనిపిస్తది. కొలిచేది ఏదైనా లెక్కల పనే అని ఆయన ఆలోచన. 1957ల ఆయన లండన్ యూనివర్సిటీ కాలేజీ నుండి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రజ్ఞురాలిని పిలిచిండు. ఆమె దారి చూపిస్తే మన దేశపు యువకులు ప్రాణహిత–గోదావరి లోయల తిరుగుడు మొదలుపెట్టిండ్రు. వాగులు, గుట్టలు, చేన్లు నడుచుకుంట పొరల పటాలు గీసిండ్రు. టి.ఎస్. కుట్టి, తపన్ రాయ్‌చౌధురి, సోహన్ లాల్ జైన్, శంకర్ ఛటర్జీ వాళ్ళల్ల ముఖ్యులు.

తపన్ రాయ్‌చౌధురి మలేరి పొర నుండి తెచ్చిన పెద్ద ఉభయచరం ఎముకలను పరీక్షించిండు. 1965ల లండన్ రాయల్ సొసైటీ పత్రికల దాని గురించి రాసిండు. పేరు ‘మెటోపోసారస్ మలేరియెన్సిస్’ అని పెట్టిండు. రెండో మాటకు ‘మలేరి ఊరిది’ అని అర్థం.

ఆ తర్వాత ఈ జంతువు మొదటి పేరు మారింది. 2002ల ధూర్జటి ప్రసాద్ సేన్‌గుప్తా దాన్ని ‘బ్యూట్‌నేరియా’ అనే ప్రజాతిల పెట్టిండు. మళ్ళ 2018ల సంజుక్తా చక్రవర్తి, సేన్‌గుప్తా కలిసి తల ఎముకలను ఒక్కొక్కటిగ కొలిచి, లోకంల ఉన్న దీని చుట్టాలతోని పోల్చి చూసిండ్రు. ఇది వేరే ప్రజాతి అని తేల్చి ‘పాంథాసారస్’ అనే కొత్త పేరు పెట్టిండ్రు. ఇప్పుడు దాని పూర్తి పేరు పాంథాసారస్ మలేరియెన్సిస్. మిత్రులారా, ఇంటి పేరు మూడు సార్లు రాసిండ్రు గని ఊరి పేరు మాత్రం అట్లనే ఉన్నది.

4. అది ఎట్ల ఉండేది?

తల చదునుగ, వెడల్పుగ ఉంటది. రొట్టెలు చేసే పీట లెక్క అనుకోండి. ఈ కుటుంబంల పెద్దవాటి తల అర మీటరు దాక ఉంటది. కండ్లు తల మీద ముందుకు జరిగి, మూతి దగ్గరికి ఉంటయి. మొసలికి కండ్లు వెనక్కు ఉంటయి. ఈ తేడా యాది పెట్టుకోండి. కాళ్ళు పొట్టిగ, బలం లేనట్టు ఉంటయి. తోక పొడుగు. రొమ్ము కింద వెడల్పాటి బరువైన ఎముక పలకలు ఉంటయి. కాబట్టి నేల మీద ఎక్కువ తిరిగే జంతువు గాదు. నీళ్ళ అడుగున ఉండి, దగ్గరికి వచ్చిన చేపను నోరు తెరిచి పట్టేది అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

“మొసలి లెక్కనే ఉన్నది గదా, ఉభయచరం అని ఎట్ల చెప్తరు?” అని అడుగుతరు. మంచి ప్రశ్న. నాలుగు గుర్తులు ఉన్నయి.

ఒకటి. పుర్రె మెడకు కలిసే చోట మొసలికి ఒకటే ముడి ఉంటది. కప్పకు రెండు ఉంటయి. దీనికి గూడ రెండు ఉన్నయి.

రెండు. పుర్రె మీద సన్నటి కాలువల్లాంటి గీతలు ఉన్నయి. చేపకు ఒంటి పక్కన నీళ్ళ కదలికను పసిగట్టే గీత ఉంటది. ఇవి గూడ అసుంటివే. అంటే ఇది పెద్దయినంక గూడ నీళ్ళల్లనే ఉన్నది.

మూడు. పంటిని అడ్డంగ కోస్తే లోపల పొర మడతలు మడతలుగ ఉంటది. చిక్కుదారి లెక్క కనబడుతది. ఈ మడతలు చూసే రిచర్డ్ ఓవెన్ 1841ల ఇసుంటి జంతువులకు ‘లాబిరింథోడాన్’ అని పేరు పెట్టిండు. చిక్కుదారి పళ్ళు అని అర్థం.

నాలుగు. నోటి పైకప్పుల రెండు పెద్ద ఖాళీలు ఉంటయి. కప్ప పుర్రెల గూడ అట్లనే ఉంటయి.

ఇంకో సంగతి. దీని పుర్రె ఎముకల పైభాగం, రొమ్ము పలకల కిందిభాగం నున్నగ ఉండవు. గుంతలు, గట్లు కలిసి తేనెపట్టు లెక్క కనబడుతయి. ముక్క చిన్నదైనా ఈ తేనెపట్టు గుర్తును చూసి నిపుణులు పోల్చుకుంటరు.

5. ఎముకను కోస్తే కాలం కనబడింది

చెట్టు మొద్దును కోస్తే ఉంగరాలు కనబడుతయి. ఎముకల గూడ అసుంటి గీతలు ఉంటయి. తిండి, నీళ్ళు బాగ ఉన్న కాలంల ఎముక జల్ది పెరుగుతది. ఆ భాగంల రక్తనాళాల రంధ్రాలు ఎక్కువ ఉంటయి. గడ్డు కాలంల మెల్లగ పెరుగుతది. అప్పుడు సన్నటి దట్టమైన పట్టీ పడుతది. పెరుగుడు మొత్తమే ఆగితే ఒక గీత పడుతది.

కోల్‌కతా, పోలండ్, జర్మనీ పరిశోధకులు కలిసి పాంథాసారస్ ఎముకల మీద ఈ పరీక్ష చేసిండ్రు. ఎముకను వెంట్రుకంత సన్నగ, వెలుతురు అవతలికి కనబడేటట్టు అరగదీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టిండ్రు. కాళ్ళ ఎముకలు, ఒక పక్కటెముక, ఒక తుంటి ఎముక, ఒక వెన్నుపూస, ఇట్ల ఎనిమిది ముక్కలు. 2020ల ఫలితం ప్రకటించిండ్రు. జల్ది పెరిగిన పట్టీ, మెల్లగ పెరిగిన పట్టీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చినయి. కొన్ని ఎముకలల్ల పెరుగుడు ఆగిన గీతలు గూడ ఉన్నయి. అంటే ఆ కాలంల గూడ ఏటికి మంచి కాలం, గడ్డు కాలం అని రెండు ఉండేటివి. ఎండకాలంల మన వాగులు ఎండి మడుగులు మాత్రమే మిగిలినప్పుడు చేపలు ఎట్ల ఉంటయో మనం చూస్తనే ఉంటం. 22 కోట్ల ఏండ్ల కింద ఒక జంతువు పడ్డ తిప్పలు దాని ఎముకల రాసి ఉన్నది. రాసిన చేయి లేదు, చదివే కన్ను మాత్రం ఇప్పుడు ఉన్నది.

6. దీని చుట్టాలు ఎక్కడెక్కడ ఉన్నరు?

మెటోపోసారిడ్ల ఎముకలు అమెరికా, మొరాకో, పోర్చుగల్, జర్మనీ, పోలండ్, మడగాస్కర్‌లల్ల గూడ దొరికినయి. ఈ కుటుంబం బతికిన చోట్లల్ల అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది మన ప్రాణహిత–గోదావరి లోయనే.

ఇది మంచినీళ్ళ జంతువు. కప్పను ఉప్పునీళ్ళల్ల వేస్తే బతకదు. మరి ఇది సముద్రాలు దాటి ఇన్ని దేశాలకు ఎట్ల పోయింది? అది పోలేదు. దేశాలే దూరం పోయినయి. ట్రయాసిక్ కాలంల ఖండాలన్ని కలిసి ఒక్కటే పెద్ద నేలగ ఉండె. దాని పేరు పాంజియా. ఒక నది నుండి ఇంకో నదికి, ఒక మడుగు నుండి ఇంకో మడుగుకు, తరాల తరబడి ఈ జంతువులు విస్తరించినయి. తర్వాత నేల విడిపోయింది. మన దేశం దక్షిణం నుండి ఉత్తరానికి జరుగుకుంట వచ్చి ఆసియాకు తగిలింది. మొరాకో ఎముక, మలేరి ఎముక చుట్టాలు కావడమే ఈ సంగతికి ఒక సాక్ష్యం.

7. తర్వాత ఏమైంది?

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించిన భాగం. జర మనసు పెట్టి చదవండి.

మలేరి పొర కింది భాగంల పాంథాసారస్ ఎముకలు దొరుకుతయి. పై భాగానికి పోతే ఆ కుటుంబం లేదు. దాని జాగల వేరే పెద్ద ఉభయచరాలు వచ్చినయి. వాటిని చిగుటిసారిడ్లు అంటరు. సేన్‌గుప్తా 1995ల వాటిల్ల రెండిటికి పేర్లు పెట్టిండు. ఒకటి కాంప్సోసెరాప్స్ కాస్‌గ్రిఫి. దీని తల వెనక కొమ్ముల్లాంటి మొనలు ఉంటయి. రెండోది కుట్టిసెఫాలస్ ట్రయాంగులారిస్. కుట్టి గారి పేరు మీద పెట్టింది, తల మూడు మూలలుగ ఉంటది.

వీటి చుట్టాలు అర్జెంటీనాల, ఆస్ట్రేలియాల ఉన్నరు. ఆస్ట్రేలియాల కూలాసుకస్ అనే చిగుటిసారిడ్ సుమారు 12 కోట్ల ఏండ్ల కింద దాక బతికింది. మన వరండా లెక్కల 12వ అడుగు. మెటోపోసారిడ్లు మాత్రం ట్రయాసిక్ యుగం దాటలేదు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక కుటుంబం పోయి ఇంకో కుటుంబం వచ్చింది అని శాస్త్రజ్ఞులకు ఎట్ల తెలిసింది? ఎముకలను చూసి మాత్రమే గాదు. ఏ ఎముక ఏ ఊరి దగ్గర, ఏ పొరల, కింద దొరికిందా పైన దొరికిందా అని రాసి పెట్టుకున్నరు కాబట్టి తెలిసింది. అదే ఎముకలను ఒక సంచిల కలిపి పోసి ఉంటే, “ఇక్కడ రెండు రకాల పెద్ద ఉభయచరాలు ఉండె” అని మాత్రమే చెప్పొచ్చు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఎప్పటికీ తెలవకపోవు. అందుకని ఎముక ఎంత ముఖ్యమో, అది దొరికిన చోటు గూడ అంతే ముఖ్యం. చోటు తెలవని ఎముక నోరు లేని సాక్షి అసుంటిది.

8. పేర్లల్ల మన ఊర్లు, మన మాటలు

శాస్త్రంల పేర్లన్ని ఇంగ్లీషు, లాటిన్ అనుకుంటం. ఇవి చూడండి.

రెక్నిసారస్: రేచిని ఊరి పేరు మీద పెట్టింది.
కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్: కోట పొర, యామన్‌పల్లి ఊరు. ఇది డైనోసార్. దీని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంల నిలబెట్టిండ్రు.
పారటోసుకస్ రాజారెడ్డియై: 1970ల యెర్రపల్లి పొర నుండి రాయ్‌చౌధురి పేరు పెట్టిన ఇంకో పెద్ద ఉభయచరం. దీంట్ల ఒక మనిషి పేరు ఉన్నది, చూసిండ్రా?
భారీతలసుకస్ తపాని: ఇది యెర్రపల్లి పొరలోని సరీసృపం. 2021ల పేరు పెట్టిండ్రు. ‘భారీ’, ‘తల’ అని అచ్చంగ మనం మాట్లాడే మాటలే. తపాని అంటే తపన్ రాయ్‌చౌధురి గారి యాదికి.
ప్రధానియా: 2007ల పేరు పెట్టిన డైనోసార్. ధూయియా ప్రధాన్ గారి పేరు మీద పెట్టింది. ఆయన కోల్‌కతా సంస్థల ఎముకలు వెతికి, ఏరి, పదిలంగ తెచ్చిన మనిషి.

చివరి పేరు మీద నాకు ఎక్కువ ప్రేమ. గ్రంథాలు రాసినోళ్ళకే గాదు, నేల మీద కన్ను పెట్టి నడిచినోళ్ళకు గూడ శాస్త్రంల జాగ ఉన్నది. నేల మీద కన్ను పెట్టి నడుచుడు మనకు ఎవరూ నేర్పే పని లేదు. పశువుల వెంట, చేపల కోసం, తునికాకు కోసం, పుట్టగొడుగుల కోసం చిన్నప్పటి నుండి మనం చేసే పనే అది.

9. మనం చేయవలసింది

మాది ఎర్రమట్టి చేను. దున్నేటప్పుడు తెల్లటి సున్నపు గడ్డలు మస్తు వస్తయి. వాటిని ఏరి గట్టు మీద పడేస్తం. అవన్ని ఎముకలు గావు. కానీ వాటి నడుమ ఎప్పుడో ఒకసారి నిజం ఎముక ఉండొచ్చు. వాన పడ్డప్పుడు వాగు ఒడ్డు కోసుకపోతది, లోపలి ఎముక బయటికి వస్తది. ఇంకో రెండు మూడు వానలు పడితే అది ముక్కలై కొట్టుకపోతది. 22 కోట్ల ఏండ్లు ఉన్నది రెండు వానకాలాలల్ల పోతది. ఆ నడుమ అక్కడ తిరిగేది మనమే.

గుర్తు పట్టుడు ఎట్ల? శిలాజం ఎముక చూడడానికి ఎముకే, ఎత్తితే రాయంత బరువు ఉంటది. విరిగిన చోట లోపల స్పాంజి లెక్క సన్నటి రంధ్రాలు కనబడుతయి. సున్నపు గడ్డల ఆ రంధ్రాల వరుస ఉండదు. పైన తేనెపట్టు గుంతలు ఉంటే ఇంకా జాగ్రత్తగ చూడాలె.

దొరికితే ఏం చేయాలె?

(అ) తవ్వొద్దు, పగులగొట్టొద్దు, నీళ్ళు పోసి కడగొద్దు. మిగిలిన భాగం లోపల ఉండొచ్చు.
(ఆ) పక్కన ఒక పెన్ను పెట్టి పెద్దోళ్ళ ఫోనుతోని ఫోటో తీయించండి. పెన్ను ఎందుకంటే కొలత తెలుస్తది. ఫోను లేకుంటే బొమ్మ గీయండి.
(ఇ) కాయితం మీద రాయండి: ఊరి పేరు, వాగు పేరు, చేను ఎవరిది, మట్టి రంగు, తేదీ.
(ఈ) సైన్సు సారుకు గాని, వార్డెన్ సారుకు గాని చెప్పండి. హైదరాబాద్‌ల భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఆఫీసు ఉన్నది, కోల్‌కతాల ఆ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. సార్లు వాళ్ళకు ఉత్తరం రాయగలరు.
(ఉ) ఎవరన్న పైసలు ఇస్తమన్నా ఇయ్యొద్దు. చోటు వదిలిన ఎముక సంగతి పైన చెప్పిన.
(ఊ) ఎముకల కోసం అని ఓపెన్‌కాస్ట్ గుంతల దగ్గరికి, మూసేసిన గనుల దగ్గరికి పోవద్దు. అక్కడ ఒడ్డు కూలుతది.

వార్డెన్ సారుకు ఒక మనవి. స్టోర్ రూంల వాడని పాత రిజిస్టర్ ఒకటి ఇప్పిస్తే, దాని మీద “మన నేల – మనం చూసినవి” అని రాసి గోడపత్రిక పక్కన వేలాడదీస్తం. సెలవులకు ఇంటికి పోయి వచ్చినోళ్ళు తాము చూసిన రాయి, ఆకు అచ్చు, ఎముక ఏదైనా సరే, చోటుతో సహా అందుల రాయాలె. వస్తువు తేవద్దు, చోటు రాసుకొని రావాలె. మొదటి పేజీల మా చేను పక్క వాగు ఒడ్డు పొరల బొమ్మ నేను గీసి పెడుత.

10. ప్రశ్నలు (జవాబులు పాఠంలోనే ఉన్నవి, ఎవరి నోటుబుక్కుల వారు రాసి సారుకు చూపించండి)

1. మందమర్రి బొగ్గు ముందుదా, మలేరి ఎర్రమట్టి ముందుదా? ఎట్ల చెప్తరు?
2. పాంథాసారస్ మొసలి గాదు అని చెప్పే నాలుగు గుర్తులు ఏవి?
3. మంచినీళ్ళ జంతువు ఎముకలు మొరాకోల, మన దగ్గర రెండు చోట్ల ఎందుకు దొరికినయి?
4. ఎముక లోపలి పట్టీలు, గీతలు ఏం చెప్తయి?
5. మలేరి పొర కింది భాగంల ఎవరు, పై భాగంల ఎవరు? చోటు రాసుకోకపోతే ఏ సంగతి తెలవకపోవు?
6. మీ ఊరి మట్టి రంగు ఏమిటి? మీ వాగు ఒడ్డున ఎన్ని పొరలు కనబడుతయి? (దీనికి జవాబు పాఠంలో లేదు. ఇంటికి పోయినప్పుడు చూసి రావాలె.)

— 9వ తరగతి నుండి